జింకలకు మన వాసన అందకుండా ఓజోన్ మిషన్ పనిచేస్తుందా?

పాకాల కెమెరా:
అందరికీ నమస్తే. నర్సంపేట దాటాక అడవి అంచున మా మేనమామకు మక్కచేను ఉంది. చేను వెనక చిన్న కుంట. ఎండలు ముదిరి వాగులు ఎండిపోయాక సాయంత్రం పూట చుక్కల దుప్పులు ఆ కుంటకే నీళ్లకు వస్తాయి. రెండేళ్లుగా అక్కడ మంచె కట్టుకుని ఫొటోల కోసం కూర్చుంటున్నాను. ప్రతిసారీ అదే జరుగుతోంది. మందకు ముందు నడిచే ముసలి ఆడదుప్పి చెట్ల నీడ దాటకుండానే ఆగిపోతుంది. ముక్కు పైకెత్తుతుంది. ముందుకాలితో నేలను రెండుసార్లు తంతుంది, తోక లేస్తుంది. నిమిషంలో మంద మొత్తం మాయం. నేను కదలను, దగ్గను, వాసన సబ్బు కూడా వాడను. కాబట్టి ఒంటి వాసనే అనుకుంటున్నాను.

మా బావ అమెరికాలో ఉంటాడు. అక్కడ జింకల వేటకు వెళ్లేవాళ్లు చెట్టు మీద, తల పైన చిన్న ఓజోన్ మిషన్ బిగించుకుంటారట. అది వదిలే ఓజోన్ వాయువు మనిషి వాసనను గాలిలోనే చంపేస్తుందట. ఒకటి పంపిస్తానంటున్నాడు, ధర మాత్రం బాగా ఎక్కువ. నాకు వేటతో పని లేదు, ఫొటో కోసమే. ఎవరైనా వాడారా?

కాజీపేట కార్లు:
మేం పాత కార్లు కొని అమ్ముతాం. సిగరెట్ వాసన ఉన్న కారులో రాత్రంతా ఓజోన్ మిషన్ పెడితే పొద్దున్నకి వాసన ఉండదు. పనిచేస్తుంది అన్నా, తెప్పించుకో.

కెమిస్ట్రీ మాస్టారు:
కారు సంగతి వేరు బాబూ. అద్దాలు మూసి, మనుషులెవరూ లేకుండా గంటల తరబడి పెడతారు. కుంట దగ్గర గాలికి అద్దాలు ఉండవు. గాలి సెకనుకు 2 మీటర్ల వేగంతో వీచిందనుకోండి. మంచె నుంచి 30 మీటర్ల దూరంలో ఉన్న దుప్పి ముక్కుకు మీ వాసన చేరడానికి 15 సెకన్లు చాలు. ఆ లోపే మిషన్ వదిలిన ఓజోన్ చుట్టూ ఉన్న గాలిలో కలిసి పలచబడిపోతుంది. మీ ఒళ్లేమో ప్రతి సెకనూ కొత్త వాసన వదులుతూనే ఉంటుంది.

ఇంకొకటి. ఓజోన్ ముఖ్యంగా జంటబంధం (డబుల్ బాండ్) ఉన్న కర్బన పదార్థాలను విరుస్తుంది. పాత సాక్సుల కంపు తెచ్చే కొవ్వు ఆమ్లాలలో ఆ బంధం ఉండదు, వాటి జోలికి ఓజోన్ పెద్దగా పోదు. మన చర్మపు నూనెలో ఉండే స్క్వాలీన్‌లో ఆ బంధాలు బోలెడు. దాన్ని ఓజోన్ విరిస్తే ఆల్డిహైడ్లు, కీటోన్లు పుడతాయి. అవీ వాసన ఉన్నవే. పాత వాసన కొంచెం తగ్గి కొత్త వాసన కొంచెం చేరుతుంది. దుప్పికి ఒరిగేదేమిటి?

ఓరుగల్లు టు మిస్సోరి:
మాస్టారూ, మీ మాట మీద గౌరవం ఉంది. కానీ నేను వాడినవాణ్ని. పుట్టి పెరిగింది హన్మకొండలోనే, మిస్సోరిలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నా. ఇక్కడ లైసెన్సు, సీజను, ఎన్ని కొట్టాలన్న లెక్క, అన్నీ ఉన్న వేట ఇది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పిని వేటాడటమే నేరం, ఆ తేడా నాకు తెలుసు.

పోయిన నవంబరులో చెట్టు మీద మిషన్ పెట్టుకుని నాలుగు రోజులు కూర్చున్నా. మూడుసార్లు తెల్లతోక జింకలు గాలి పోయే వైపు నుంచే, నా వాసన కచ్చితంగా తగలాల్సిన చోటు నుంచే, మేస్తూ వెళ్లాయి. ఒకటి తల ఎత్తింది, మళ్లీ దించింది. అంతకు ముందు ఏడు, మిషన్ లేనప్పుడు, అదే చెట్టు మీద ఒక్కటి కూడా ఆ వైపు నిలబడలేదు. పుస్తకం ఏం చెప్పినా నేను కళ్లతో చూసింది ఇది.

కెమిస్ట్రీ మాస్టారు:
మూడుసార్లు వచ్చాయి, సరే. మిషన్ లేకుండా ఆ నాలుగు రోజులే కూర్చుంటే ఎన్ని వచ్చేవి? అంతకు ముందు ఏడు గాలి ఎలా ఉంది, మేత ఎక్కడ ఉంది? నవంబరు అంటే అక్కడ జింకలు జతకట్టే కాలం, మగవి ఆ ధ్యాసలో జాగ్రత్త మరచిపోతాయని వేటగాళ్లే చెబుతారు. ఒక రోజు ఆన్ చేసి, ఒక రోజు ఆఫ్ చేసి, మీకు తెలియకుండా ఇంకొకరు స్విచ్ వేస్తే అప్పుడు నమ్ముతాను.

గుడెప్పాడ్:
ఓజోన్‌కే ఘాటు వాసన ఉంటుంది కదా, జెరాక్స్ షాపులో వచ్చేది. దుప్పి దానికి బెదరదా?

ఓరుగల్లు టు మిస్సోరి:
బెదరదు తమ్ముడూ. ఉరుము ఉరిమినప్పుడు వచ్చే వాసన అదే, అడవి జంతువుకు కొత్తేమీ కాదు.

కెమిస్ట్రీ మాస్టారు:
మెరుపుకు ఓజోన్ పుట్టే మాట నిజమే. ఏప్రిల్‌లో మబ్బు తునక లేని సాయంత్రం పూట, ఒక్క మంచె దిక్కు నుంచి ఉరుము వాసన వస్తే?

ఓరుగల్లు టు మిస్సోరి:
మీరు ఒక్క రోజైనా చెట్టెక్కి కూర్చున్నారా మాస్టారూ? బ్లాక్‌బోర్డు దగ్గర నిలబడి జింక మనసు చెబుతున్నారు.

కెమిస్ట్రీ మాస్టారు:
చెట్టెక్కలేదు. కానీ ఓజోన్ మా ఇంట్లోకి వచ్చింది. కరోనా టైములో గాలి శుభ్రం చేస్తుందని ఒక ఓజోన్ పెట్టె కొన్నాను. పడకగదిలో పెట్టాం. వారం తిరక్కముందే మా ఇంటామెకు ఛాతీ పట్టేసింది, ఆమెకు ఉబ్బసం ఉంది. తెల్లవారుజామున రెండింటికి నెబ్యులైజర్ పట్టుకుని కూర్చున్నాను. అమెరికాలో పని చేసే చోట ఎనిమిది గంటల సగటుకు ఓజోన్ పదిలక్షలో 0.1 వంతు దాటకూడదని నిబంధన. మీ దేశపు పర్యావరణ సంస్థే చెబుతోంది, ఆరోగ్యానికి హాని చేయని మోతాదులో ఓజోన్ గదిలోని గాలిని శుభ్రం చేయలేదని. మూసిన గదిలోనే అంతంతమాత్రం అయితే ఆరుబయట ఏం చేస్తుంది? ఈ కుర్రాడు దాన్ని ముఖానికి అడుగున్నర దూరంలో పెట్టుకుంటానంటున్నాడు. నాకు కోపం రాదా?

ఇంకో మాట. సాగదీసిన రబ్బరు ఓజోన్‌కు పగులుతుంది. నమ్మకపోతే మిషన్ పెట్టే సంచిలో ఒక రబ్బరు బ్యాండ్ సాగదీసి కట్టి చూడండి. ఈయన కెమెరా నిండా రబ్బరే.

పాకాల కెమెరా:
మాస్టారూ, అమ్మకు ఇప్పుడు బాగుందా? కెమెరా సంగతి నాకు తట్టనే లేదు. అయితే నా ప్రశ్న అలాగే ఉంది. మిషన్ వద్దంటే వాసనకు దారేమిటి?

అడవి అంచు:
రెండు రోజులుగా చదువుతున్నా. ఆగలేక రాస్తున్నా. నేను మూడేళ్లు అటవీశాఖ బేస్ క్యాంపులో వాచర్‌గా చేశాను, మా ఊరు మీ మామ చేనుకు నాలుగు కిలోమీటర్లు.

తమ్ముడూ, పొద్దున పదింటికి గొర్లకాపరి ఆ కుంట కట్ట మీదే పడుకుంటాడు. అతని గొంగడి వాసన అక్కడంతా ఉంటుంది. దుప్పులు పారిపోతున్నాయా? పోవు. పగటి మనిషి ఎవరో, ఎప్పుడు వెళ్లిపోతాడో వాటికి తెలుసు. గొర్లు మళ్లాక తమ వంతు వచ్చిందని వస్తాయి. ఆ వేళలో, పైనుంచి, కదలకుండా ఉన్న మనిషి వాసన వాటికి ఒకటే చెబుతుంది. అది తప్పు చెప్పడం లేదు.

గాలి చూసుకున్నావా ఎప్పుడైనా? పల్చటి గుడ్డలో బూడిద మూటకట్టి తట్టి చూడు. పొద్దు దిగేటప్పుడు చల్లబడ్డ గాలి మెరక నుంచి పల్లానికి జారుతుంది. నీ మంచె మెరక మీద ఉంది, కుంట పల్లంలో ఉంది. నీ వాసనను నువ్వే నీళ్ల మీదికి పంపిస్తున్నావు. మిషన్ ఏం చేస్తుంది దానికి?

పాకాల కెమెరా:
అన్నా, బూడిద మాట బాగుంది. మంచె అవతలి ఒడ్డుకు మారిస్తే సరిపోతుందా?

అడవి అంచు:
మార్చొద్దు. తీసేయ్.

పాకాల కెమెరా:
ఎందుకన్నా? నా మామ పట్టా భూమి అది. తుపాకీ లేదు, ఫ్లాష్ లేదు. ఫొటో తీస్తే దుప్పికి నష్టమేంటి? మీలాంటి వాళ్లు అడవి మీదే అన్నట్టు మాట్లాడతారు.

అడవి అంచు:
నాది అని అనలేదు. నష్టం చెబుతా విను. పోయిన ఏడు మే నెలలో నువ్వు ఇదే గ్రూపులో ఫొటోలు పెట్టావు, పిల్లతో ఉన్న ఆడదుప్పి. బాగున్నాయి. కింద మ్యాప్ కూడా పెట్టావు, ‘ఎవరైనా రావచ్చు’ అని రాశావు. మూడు వారాల తర్వాత అదే కుంటకు వచ్చే దారిలో నేను ఉచ్చు విప్పాను. బైకు క్లచ్ వైరు, రెండు తునికి మొక్కల మధ్య, దుప్పి మెడ ఎత్తుకు సరిగ్గా. విప్పేసరికి దుప్పి చచ్చి ఒక పూట అయింది. వైరు మెడలో ఎముక దాకా దిగింది. చుట్టూ నేల గుండ్రంగా గోకి పెట్టింది, గడ్డి కూడా లేదు. కాస్త దూరంలో పిల్ల నిలబడి ఉంది, నేను దగ్గరికి వెళితే గానీ పోలేదు.

నీ మ్యాప్ చూసే కట్టారని నేను నిరూపించలేను. కానీ ఆ కుంట సంగతి అంతకు ముందు మా రెండు ఊళ్లు దాటి ఎవరికీ తెలియదు. ఇప్పుడు మనిషి వాసన కూడా దొరకకుండా చేస్తానంటున్నావు. ఎండాకాలంలో దానికి ఉన్నది ఒక్క కుంట, ఒక్క ముక్కు. నీకు పనికొచ్చిన మిషన్ వైరు కట్టేవాడికి పనికి రాదా?

ఓరుగల్లు టు మిస్సోరి:
అన్నా, అది వేట కాదు, దొంగతనం. దాన్ని మిషన్‌కు ముడిపెట్టకండి. ఉచ్చు కట్టేవాడు అక్కడ కూర్చోడు కూడా.

అడవి అంచు:
ఉచ్చువాడు కూర్చోడు నిజమే. రాత్రి నాటు తుపాకీతో కూర్చునేవాడు ఉన్నాడు. వాడికైతే పనికొస్తుంది.

కాజీపేట కార్లు:
మన రాష్ట్ర జంతువు జింక. బాధేసింది అన్నా.

పాకాల కెమెరా:
రాత్రంతా నిద్ర లేదు. ఆ ఫొటోలోది అదే దుప్పి అయి ఉంటుందా అని అడగాలనుంది, అడగలేకపోతున్నా. మ్యాప్ తీసేశాను. పాత పోస్టును షేర్ చేసిన ముగ్గురికీ ఫోన్ చేశాను, ఇద్దరు తీసేశారు, ఒకరు ఎత్తలేదు. బావకు మిషన్ వద్దని చెప్పాను.

మంచె విషయంలో మాత్రం మీతో ఇంకా ఒప్పుకోను అన్నా. నేను అక్కడ కూర్చున్న సాయంత్రాలు ఎవరూ వైరు కట్టలేదు కదా. మనిషి ఉండటమే వాటికి కాపలా అవుతుందేమో.

అడవి అంచు:
కాపలా కాసేవాడు కనబడాలి తమ్ముడూ, వాసన కూడా తెలియాలి. ఆదివారం రా. కుంట చుట్టూ ఉన్న దారులన్నీ నడిచి వైర్లు ఉన్నాయేమో చూద్దాం. ఆ తర్వాత మంచె గురించి కొట్లాడుకుందాం.

ఓరుగల్లు టు మిస్సోరి:
మాస్టారూ, మిషన్ బట్టల సంచిలో రబ్బరు బ్యాండ్ సాగదీసి పెట్టి చూశా. పగుళ్లు వచ్చాయి. జింకల విషయంలో మాత్రం నా మాట నాదే.

పాకాల కెమెరా:
వస్తానన్నా. ఎన్నింటికి?

అడవి అంచు:
ఐదున్నరకు. బూట్లు వేసుకో, రేగు ముళ్లు ఉన్నాయి. వైరు కోయడానికి కటింగ్ ప్లేయర్ ఉంటే తెచ్చుకో, నాది మొద్దుబారింది.