పరుగు పోటీలో ప్రైవేటు పారామెడిక్‌గా మొదటి డ్యూటీ: ముందుగా ఏవి చూసుకోవాలి?

ప్రశ్న:

నమస్కారమండీ. ఇంతవరకు ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి రోగులను తరలించే అంబులెన్సులో పనిచేశాను. అక్కడ రోగి ఎవరో, జబ్బేమిటో, ఎక్కడ దించాలో ఎక్కేటప్పటికే తెలిసిపోతుంది. ఇప్పుడు ఒక ప్రైవేటు సంస్థ తరఫున 21 కిలోమీటర్ల పరుగు పోటీకి వెళ్లమన్నారు. నేను, ప్రథమ చికిత్స నేర్చుకున్న ఇద్దరు సహాయకులు, ఒక డ్రైవరు, ఒకే ఒక్క అంబులెన్సు. “ఏమీ జరగదులెండి, ఊరికే కూర్చోవడమే” అంటున్నారు నిర్వాహకులు. ఆ మాట విన్నాక నాకు గుబులు ఇంకా పెరిగింది. బయలుదేరే ముందు ఏవి చూసుకోవాలి? ఎవరైనా కుప్పకూలితే అక్కడే చూడాలా, ఎక్కించుకుని వెళ్లిపోవాలా?

జవాబు 1:

మీ గుబులులో న్యాయం ఉంది. బండి ఒక్కటే కాబట్టి నిర్వాహకులను ముందు ఈ సంగతి అడగండి: అది ఒకరిని తీసుకుని ఆసుపత్రికి వెళ్లిపోతే మిగిలినవాళ్లకు దిక్కెవరు? రెండో బండి వస్తుందా, లేక పోటీ ఆపుతారా? ఆపమని చెప్పే అధికారం ఎవరిది? జవాబును మాటల్లో కాదు, కాగితం మీద తీసుకోండి. పోటీ నడుస్తుండగా ఈ చర్చ మొదలైతే గెలిచేది మీరు కాదు.

తరువాత దారి. మ్యాపు చూసి సరిపెట్టుకోకండి, ముందు రోజే డ్రైవరుతో కలిసి ఒకసారి తిరిగి రండి. స్ట్రెచర్ ఎక్కడ పడుతుంది, ఎక్కడ మెట్లు అడ్డొస్తాయి, బండి ఎంత దగ్గరికి రాగలదు అన్నవి చూసుకోండి. దారిలో గేటు ఉంటే దాని తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందో, ఆ మనిషి ఫోను నంబరేమిటో రాసిపెట్టుకోండి. “పెద్ద చెట్టు దగ్గర పడిపోయాడు” అని కబురొస్తే ఏ చెట్టని వెతుకుతాం? కాబట్టి ప్రతి కిలోమీటరుకూ నంబరు పలక పెట్టించి, వాలంటీర్లందరూ ఆ నంబరే చెప్పేలా చూడండి.

ఆక్సిజన్ లెక్క మాత్రం మీరే వేసుకోండి. సిలిండరులో ఎన్ని లీటర్ల నీరు పడుతుందో ఆ అంకెను గేజ్ చూపించే పీడనపు బార్‌లతో గుణిస్తే, లోపల సుమారు ఎన్ని లీటర్ల ఆక్సిజన్ ఉందో వస్తుంది. చేత్తో మోసే 2 లీటర్ల సిలిండరు 150 బార్ దగ్గర ఉంటే 300 లీటర్లు. నిమిషానికి 15 లీటర్ల చొప్పున ఇస్తే 20 నిమిషాల్లో అయిపోతుంది. అదే గేజ్ 50 దగ్గర ఉంటే ఏడు నిమిషాలు కూడా రాదు. “సగం ఉంది సార్” అన్న మాటను నేను లెక్కలోకి తీసుకోను. వాల్వు తిప్పి, ముల్లు ఎక్కడ ఆగిందో కళ్లతో చూస్తాను.

ఏఈడీ (గుండె ఆగినప్పుడు ఛాతీకి షాక్ ఇచ్చే యంత్రం) బ్యాటరీ, ప్యాడ్‌ల గడువు తేదీ చూసి, ఇంకో జత ప్యాడ్‌లు అదనంగా పెట్టుకోండి. సంచిలో తువ్వాలు, షేవింగ్ రేజరు, కత్తెర ఉండి తీరాలి. పరుగెత్తి పడిపోయిన మనిషి ఛాతీ చెమటతో తడిసి ముద్దై ఉంటుంది. తుడవకుండా అతికిస్తే ప్యాడ్ అంచు లేస్తుంది.

జవాబు 2:

ఇంత హంగామా అవసరం లేదని నా అభిప్రాయం. ఎవరు పడిపోయినా ఎక్కించుకుని పోవడమే ఉత్తమం. చికిత్స ఆసుపత్రిలో, మన పని చేర్చడం వరకే.

జవాబు 3:

పై మాట కొన్నిటికి సరిపోతుంది. పొట్టలోనో ఛాతీలోనో రక్తస్రావం జరుగుతుంటే రోడ్డు మీద చేయగలిగింది తక్కువ, ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోకూడదు. కానీ పరుగు పోటీల్లో ప్రాణం తీసేవి ముఖ్యంగా రెండు. ఆ రెండింటికీ పడినచోటే చికిత్స మొదలుకావాలి.

ఒకటి గుండె ఆగిపోవడం. సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ ఊపిరి అందించడం) గానీ షాక్ గానీ అందకపోతే గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. రెండు నిమిషాలకోసారి నొక్కే మనిషి మారాలి. ఊగుతూ పోయే బండిలో ఇది సరిగ్గా సాగదు. అందుకే ఏఈడీ అంబులెన్సులో పడుకుని ఉండకూడదు, సైకిలు మీద తిరిగే సహాయకుడి వీపున ఉండాలి.

రెండోది శ్రమ వల్ల వచ్చే వడదెబ్బ. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడుతూ, మనిషి తికమకగా ఉంటే అదే అనుకోండి. ముందు చల్లబరచాలి, ఆ తరువాతే తరలించాలి. మంచునీళ్ల తొట్టిలో మెడ దాకా ముంచి, తల నీళ్లలోకి జారకుండా చంకల కింద దుప్పటి వేసి పట్టుకోవాలి. పడిపోయిన అరగంటలోపే వేడి 40 కిందికి దిగాలన్నది లక్ష్యం. 39 దిగువకు వచ్చాక బయటికి తీయండి, లేకపోతే మరీ చల్లబడిపోతారు. తొట్టి లేకపోతే మంచునీళ్లలో ముంచిన తువ్వాళ్లు ఒళ్లంతా కప్పి, వేడెక్కగానే మారుస్తూ ఉండండి. వేడి దిగకముందే బండెక్కిస్తే ఆ అరగంట ప్రయాణంలోనే కరిగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:

చాలా ఉపయోగపడిందండీ. ఇంకో రెండు సందేహాలు. నుదుటి మీద పెట్టే థర్మామీటరు సరిపోతుందా? పడిపోయినవాళ్లు కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే అది మూర్ఛ (ఫిట్స్) అనుకోవాలా?

జవాబు 3:

సరిపోదు. చెమట, గాలి వల్ల నుదురు, చెవి, నోరు అన్నీ తక్కువే చూపిస్తాయి. ఇలాంటప్పుడు నమ్మదగింది మలద్వారం ద్వారా చూసే కొలతే. దానికి మీకు శిక్షణ, అనుమతి ఉండాలి, చుట్టూ తెర కట్టే ఏర్పాటూ ఉండాలి. కొలిచే వీలు లేకపోయినా లక్షణాలు కనిపిస్తుంటే చల్లబరచడం ఆపకండి.

ఇక మూర్ఛ సంగతి. గుండె ఆగిన మొదటి క్షణాల్లో కాళ్లూ చేతులూ కొట్టుకోవచ్చు. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తున్నట్టూ కనిపించవచ్చు. చుట్టూ ఉన్నవాళ్లు “ఊపిరి ఆడుతోంది” అంటారు. నమ్మకండి. స్పృహ లేదు, శ్వాస మామూలుగా లేదు అంటే గుండె ఆగిందనే భావించి ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. నాడి కోసం పది సెకన్లకు మించి వెతకవద్దు.

జవాబు 4:

తికమకగా ఉన్నవాళ్లందరిదీ వడదెబ్బ కాదని కూడా గుర్తుంచుకోండి. గ్లూకోమీటరుతో చక్కెర చూడండి. ఒంటి వేడి మామూలుగానే ఉండి, వాంతులు, తలనొప్పి, ఉబ్బిన వేళ్లు ఉంటే అతిగా నీళ్లు తాగడం వల్ల రక్తంలో సోడియం పడిపోయిందేమో అనుమానించాలి. అలాంటి మనిషికి “ఇంకా నీళ్లు తాగండి” అని గ్లాసు అందించడం, అలవాటుగా సెలైన్ ఎక్కించడం ప్రమాదం. ఆసుపత్రికి పంపాల్సిన కేసు అది.

ప్రశ్న అడిగినవారు:

ఆసుపత్రికి రానంటే? పతకం తీసుకుని ఇంటికి పోతానని మొండికేసేవాళ్లు ఉంటారట కదా.

జవాబు 1:

ఉంటారు, చాలామందే ఉంటారు. బలవంతంగా ఎక్కించే హక్కు మనకు లేదు. మనిషికి నిర్ణయం తీసుకునే తెలివిడి ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. తలకు దెబ్బ తగిలినా, చక్కెర పడిపోయినా, తేదీ, చోటు చెప్పలేకపోతున్నా ఆ “వద్దు”ను వద్దుగా తీసుకోలేం. మీకు సలహా ఇచ్చే పై వైద్యుడికి ఫోను చేసి మాట్లాడించండి. తెలివిగానే ఉండి వద్దంటే ఏ ప్రమాదం ఉందో వాళ్ల మాటల్లోనే అర్థమయ్యేలా చెప్పి, నాడి, రక్తపోటు, సమయం రాసి, సాక్షి ఎదుట సంతకం తీసుకోండి. తోడు వచ్చినవాళ్లకు ఏ లక్షణం కనిపిస్తే తిరిగి తీసుకురావాలో చెప్పి పంపండి.

ఏ మందు ఇవ్వవచ్చో, ఏది వైద్యుడిని అడిగే ఇవ్వాలో సంస్థ మీకు రాసిచ్చిందా? ఇవ్వకపోతే ఈ రోజే అడగండి. “అక్కడ అవసరాన్ని బట్టి చూసుకోండి” అంటే తప్పు జరిగినప్పుడు మీరే చూసుకోవాలని అర్థం. బీమా పత్రం నకలూ తీసుకోండి.

ఆసుపత్రిలో అప్పగించేటప్పుడు కథ చెప్పకండి. వయసు, పడిపోయిన సమయం, ఏం జరిగింది, మనం చూసిన కొలతలు, చేసిన చికిత్స, దానికి వచ్చిన మార్పు: అర నిమిషంలో ముగియాలి. వడదెబ్బ కేసైతే మొదటి ఉష్ణోగ్రత, నీళ్లలోంచి తీసినప్పటి ఉష్ణోగ్రత రెండూ సమయాలతో సహా చెప్పండి. చల్లబడి వచ్చిన మనిషిని చూసి “ఏమీ లేదే” అని పంపేసే వీలు లేకుండా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:

తొట్టి, మంచు గురించి ఇప్పుడే నిర్వాహకులను అడిగాను. తొట్టి కొంటారట. మంచు మాత్రం “అవసరమైతే తెప్పిస్తాం” అన్నారు.

జవాబు 3:

ఒప్పుకోకండి. మొదటివాడు పరుగు మొదలుపెట్టేసరికే మంచు పెట్టె ముగింపు గీత పక్కన ఉండాలి, తొట్టి సగం నీళ్లతో నిండి ఉండాలి. కుదరదంటే ఆ సంగతే మీ సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి.