హ్యూస్టన్ ఎండల్లో పెరటి మొక్కలు: టమాటా పూతంతా రాలిపోతోంది

అందరికీ నమస్కారం. మేం గుంటూరు నుంచి మార్చిలో హ్యూస్టన్ పక్కనున్న కేటీ అనే ఊరికి వచ్చాం. ఏప్రిల్ చివర్లో పెరట్లో ఆరు టమాటా మొక్కలు నాటాను. నడుమెత్తు పెరిగాయి. కానీ జూన్ నుంచి పూత ముట్టుకుంటే రాలిపోతోంది, ఒక్క కాయ నిలవలేదు. మధ్యాహ్నానికి ఆకులు వేలాడిపోతున్నాయని రోజుకు రెండుసార్లు నీళ్ళు పోస్తున్నాను. నేను చేస్తున్న తప్పేంటో చెప్పండి. కరివేపాకు, మల్లె కూడా పెట్టాలని ఉంది.

— కేటీ

చెల్లీ, ముందు ఆ టెన్షన్ వదిలెయ్యి. పూత రాలడం నీ తప్పు కాదు. రాత్రి వేడి 75 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగకపోతే టమాటా పుప్పొడి సరిగా పనిచేయదు, పిందె కట్టదు. మనకు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా చాలా రాత్రులు అలాగే ఉంటాయి. ఎరువు వేసినా లాభం లేదు, ఆకే పెరుగుతుంది. ఇక్కడ టమాటాకు రెండు పంటకాలాలు. మార్చి మొదట్లో నాటి జూన్‌లోపు కోసుకోవడం ఒకటి. జులై చివర, ఆగస్టు మొదట్లో కొత్త నారు నాటి నవంబర్‌లో కోసుకోవడం రెండోది. నాటిన మొదటి రెండు వారాలు మధ్యాహ్నం పూట పాత చీరో, షేడ్ క్లాతో నీడ కట్టాలి.

నీళ్ళ సంగతే అసలు జాగ్రత్త. మన దగ్గర చాలా పెరళ్ళలో ఉన్నది బంకమట్టి, నల్లరేగడి లాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. మధ్యాహ్నం మూడింటికి ఆకు వాడినా సాయంత్రం ఏడింటికి తేరుకుంటే దానికి నీళ్ళు తక్కువ కాలేదన్నమాట, ఎండ తట్టుకోవడానికే అలా ముడుచుకుంది. పొద్దున్నే వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడు. తడి తగిలితే ఆ రోజు పోయొద్దు. నేను మొదటి ఏడాది ఆకు వాడిన ప్రతిసారీ నీళ్ళు పోసి నాలుగు వంగ మొక్కల్ని చంపుకున్నాను. పీకి చూస్తే వేళ్ళు నల్లగా కుళ్ళి, డ్రైనేజీ వాసన. ఆ తర్వాతే అడుగు ఎత్తు చెక్క మడులు కట్టించి కంపోస్టు కలిపిన మట్టి నింపుకున్నాను. పోసేటప్పుడు పొద్దున, మొక్క మొదలు దగ్గరే పోయాలి. సాయంత్రం ఆకుల మీద తడి నిలిస్తే ఈ ఉక్కకు బూజు తెగుళ్ళు పట్టుకుంటాయి. మొదళ్ళ చుట్టూ మూడంగుళాల మందాన ఎండుటాకులు పరిచి, కాండానికి మాత్రం తగలకుండా చూడు.

ఈ ఎండల్లో మన కూరలే నీకు అండ. బెండ, గోంగూర, బచ్చలి, బీర, పొట్ల, అలసంద ఇప్పుడు పెట్టినా వస్తాయి. బచ్చలికి విత్తనం అక్కర్లేదు, స్టోర్‌లో కొన్న కట్టలోంచి ముదురు కాడ గుచ్చితే వేళ్ళూనుతుంది. మెంతికూర, పాలకూర, కొత్తిమీర మాత్రం అక్టోబర్ దాకా ఆగాలి. ఇప్పుడు వేస్తే కొత్తిమీర నాలుగాకులు రాకముందే పూతకొస్తుంది.

కరివేపాకు కుండీలోనే పెట్టు, జనవరి చలికి లోపలికి తెచ్చుకోవచ్చు. 2021 ఫిబ్రవరి గడ్డకట్టే చలికి నేలలో ఉన్న మా చెట్టు మొదలంటా పోయింది. వేరే రాష్ట్రం నుంచి మొక్క తెప్పించుకోవద్దు. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే చిన్న పురుగు కరివేపాకు మీద బతుకుతుంది, అందుకే ఈ మొక్కల రవాణా మీద ఆంక్షలున్నాయి. ఇండియా నుంచి విత్తనాలు సూట్‌కేసులో వేసుకురావడం కూడా అంతే, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి.

— షుగర్ ల్యాండ్ అక్క

అక్కగారు చెప్పినవాటికి పూల సంగతి కలుపుతాను. మల్లెకు ఈ ఉక్క చాలా ఇష్టం అమ్మా. ఒక విడత పూశాక కొమ్మల చివర్లు కత్తిరిస్తే కొత్త చిగురుకు మళ్ళీ మొగ్గ వస్తుంది. బంతి ఇప్పుడు నల్లి పట్టి ఎండిపోతుంది. ఆగస్టు మొదట్లో గింజ చల్లితే బతుకమ్మకు, దీపావళికి చేతికొస్తుంది. గునుగుకు ఈ ఎండ లెక్కే లేదు, ఇక్కడి నర్సరీల్లో సెలోసియా అని అడగండి.

సొరపాదు పెడితే ఒక మాట. ఆ తెల్లపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, పగటి తేనెటీగలకు అందదు. మా పాదుకు మూడు వారాలు పిందె కట్టి, పసుపు తిరిగి రాలింది. ఓ రోజు చీకటి పడేవేళ మగపువ్వు తుంచి, రెక్కలు తీసేసి, వెనకాల బుల్లి కాయ ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాను. ఆ కాయ నాలుగోరోజుకే అరచేతంత అయింది. అప్పట్నుంచి అది మా పాప డ్యూటీ.

కుండీల కింద పళ్ళేల్లో నీళ్ళు ఉంచకండి, వారంలో దోమలు తయారవుతాయి. చెప్పుల్లేకుండా గడ్డిలోకి వెళ్ళొద్దు, నిప్పుచీమలు కుడితే పొక్కులు లేస్తాయి. పని ఏదైనా పొద్దున తొమ్మిదిలోపే ముగించండి.

— పియర్లాండ్

అక్కా, అన్నా, చాలా థాంక్స్. ఈ రోజు సాయంత్రం చూశాను, ఆకులు నిజంగానే తేరుకున్నాయి! రేపు నీళ్ళు పోయను. గోంగూర గింజ ఎక్కడ దొరుకుతుంది?

— కేటీ

గింజెందుకు, నా మడిలో నారు ఒత్తుగా ఉంది. శనివారం ఎనిమిదిలోపు రా, పాతిక మొక్కలు తీసిస్తాను. వేళ్ళు చుట్టడానికి తడిగుడ్డ తెచ్చుకో, ఇంటికెళ్ళాక సాయంత్రం దాకా నీడలో ఉంచి నాటు.

— షుగర్ ల్యాండ్ అక్క