కుక్కపిల్ల కొరుకుడు మాన్పించేదెలా? అర్జెంటు

తులసికోట: రాత్రి పదింటి నుంచి మూడింటిదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. వీధిలోంచి తెచ్చుకున్న పిల్ల. చెప్పు అంచు నమిలేసింది, డోర్‌మ్యాట్ పీచు పీచు చేసింది, నడుస్తుంటే ప్యాంటు అంచు పట్టుకుని వేలాడుతోంది. అరిస్తే ఇంకా రెచ్చిపోతోంది. నాలుగుసార్లు ఫినాయిల్‌తో తుడిచినా మళ్లీ అదే మూల తడుపుతోంది. ఏం చెయ్యాలో చెప్పండి బాబూ.

మూడోకన్ను: వయసు? టీకాలు? ఏం పెడుతున్నారు?

పాలపిట్ట: ముందు ఆ ఫినాయిల్ ఆపండి. అది వాసనను కప్పుతుందే గానీ తీసెయ్యదు. మన ముక్కుకి పోయినా దాని ముక్కుకి పోదు, అందుకే అదే మూల. పైగా పాదాలకంటింది నాకితే కడుపులోకి పోతుంది. తడిని పాత న్యూస్‌పేపర్‌తో అద్ది తీసి, వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి తుడవండి. పాలరాయి అయితే వెనిగర్ వద్దు, మచ్చ పడుతుంది. అక్కడ ఎంజైమ్ క్లీనర్ (ఉచ్చని విడగొట్టి వాసన పోగొట్టేది) వాడండి. అమ్మోనియా ఉన్న క్లీనర్లు అసలొద్దు, వాటిలో ఉచ్చ వాసనే ఉంటుంది.

తులసికోట: రెండు నెలలుంటాయేమో. పాలన్నం పెడుతున్నాం. టీకాలు కాస్త అలవాటయ్యాక వేయిద్దామని. విరేచనం పలచగా అవుతోంది, మామూలేగా?

వేపచెట్టు: పాలు ఆపండి, చాలా పిల్లలకి అరగవు. మెత్తటి అన్నంలో ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, ఎముక తీసేసి, రోజుకి నాలుగుసార్లు. ఉల్లిపాయ తగలనివ్వకండి. పొట్ట ఉబ్బుగా ఉంటే నట్టలు, అంటే కడుపులో పురుగులు కావచ్చు. మందు బరువును బట్టే: పిల్లనెత్తుకుని మిషనెక్కండి, తర్వాత ఒక్కరే ఎక్కి తేడా తియ్యండి. వాంతి, రక్తపు విరేచనం, తిండి మానెయ్యడం కనిపిస్తే పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) కావచ్చు, ఆ రోజే డాక్టరు దగ్గరికి. టీకాల కోర్సు అయ్యేదాకా వీధి మట్టిలో తిప్పొద్దు, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మేడ మీదికి తీసుకెళ్లండి: నిద్ర లేవగానే, తిన్న పావుగంటకి, ఆడిన వెంటనే. ఈ వయసులో రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు.

గడపమీద: 'వీధిలోంచి తెచ్చుకున్న పిల్ల' ఏంటండీ? ఇండీ, అంటే మన దేశీ కుక్క అనండి. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల్లో కూడా 'కమ్యూనిటీ యానిమల్' అన్నారు.

పాలపిట్ట: వీధి అది ఉన్న చోటు, జాతి కాదు. నాటుకుక్క అంటే సరిపోదా? మనకున్న మాటేగా.

గడపమీద: నాటు అంటే చులకన ధ్వని వస్తుంది.

పాలపిట్ట: నాటుకోడికి రాని చులకన కుక్కకెందుకొస్తుంది?

మూడోకన్ను: పేరు తర్వాత. కొరుకుడు ఎవర్ని?

తులసికోట: అందర్నీ. నిన్న పాప వేలు కొరికితే కొంచెం రక్తం వచ్చింది, పసుపు అద్దాం. పాలపళ్లే కదా. కొరుకుడు సంగతి చెప్పండి.

మూడోకన్ను: పాలపళ్లైనా రక్తం వచ్చిందంటే రేబిస్ లెక్కలో మూడో కేటగిరీ, అన్నిటికన్నా ప్రమాదకరమైన కాటు. పసుపు కడిగెయ్యండి. కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు, నిన్నటి గాయమైనా సరే. కట్టు కట్టొద్దు. ఇవాళే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. రేబిస్ టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణిచ్చే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా అడగండి. టీకా చర్మంలోకైతే 0 (మొదటి డోసు రోజు), 3, 7, 28 రోజులు. కండలోకైతే 14వ రోజు కూడా. కుక్కపిల్లని పది రోజులు కనిపెట్టి ఉండండి. బాగానే ఉందని టీకా వాయిదా వెయ్యొద్దు.

వేపచెట్టు: కుక్కపిల్లకి ఆరు వారాల నుంచే పార్వో, డిస్టెంపర్ (ఇంకో వైరస్ జబ్బు) టీకా మొదలెట్టొచ్చు, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలదాకా. రేబిస్‌ది మూడు నెలలకి. ఇక కొరుకుడు: అరుపూ, గుంజుడూ దానికి ఆటే. ప్యాంటు పట్టగానే కొయ్యలా నిలబడండి, వదిలాక బొమ్మ ఇవ్వండి. పాత కాటన్ తువ్వాలు ముడేసి, తడిపి, ఫ్రిజ్‌లో అరగంట పెట్టి ఇస్తే చిగుళ్లకి హాయి. పళ్లు మారేది మూడు నుంచి ఆరు నెలల మధ్య, అప్పటిదాకా చెప్పులు పైఅరలో ఉండాల్సిందే. రాత్రి దాని పెట్టె మీ మంచం పక్కన పెట్టండి, వంటింట్లో ఒంటరిగా వదిలితే ఏడుస్తుంది.

గడపమీద: ఇండీ అని రాసుంటే బాగుండేది.

తులసికోట: పాపకి మొదటి డోసు, గాయం దగ్గరిదీ అయ్యాయి. థ్యాంక్స్. ఇప్పుడే చూశా, చార్జర్ వైరు కొరికేసింది.