వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ తీసుకోవాలా, వద్దా? బాబు విషయంలో ఇంట్లో పోరు

గంటస్తంభం వీధి:
నమస్కారమండీ. మాది విజయనగరం. బాబుకి ఏడేళ్లు, ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి. మూడేళ్లప్పుడు వైజాగ్‌లో చూపిస్తే ఆటిజం అన్నారు. మాటలు తక్కువ. కానీ చదువుతాడు, కాంప్లెక్సులో ఆగిన బస్సుల మీద ఊళ్ల పేర్లన్నీ గడగడా చదివేస్తాడు. బెల్లు కొడితే మాత్రం చెవులు మూసుకుని బెంచీ కింద దూరిపోతాడు, పావుగంట దాకా బయటికి రాడు. మొన్న హెడ్‌మేడం పిలిచి, "సదరం సర్టిఫికెట్ తెండి, లేదా వాడి కోసం ఒక మనిషిని మీరే జీతమిచ్చి పెట్టుకోండి, రెండూ కుదరకపోతే వేరే స్కూలు చూసుకోండి" అన్నారు. ఆ సర్టిఫికెట్ కోసం డాక్టర్లు చూసే శిబిరానికి సచివాలయంలో స్లాట్ పెట్టిద్దామంటే మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. "ఒకసారి కాయితం మీద పడితే జన్మంతా ఆ పేరే. వెనక ఆడపిల్ల ఉంది, రేపు దానికి సంబంధాలు ఎవరు తెస్తారు" అంటున్నారు. మా ఆయన ఆ మాటా అనరు, ఈ మాటా అనరు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఈ దారిన నడిచినవాళ్లుంటే చెప్పండి.

పలాస పాసింజర్:
తీసుకో తల్లీ, రెండో ఆలోచన వద్దు. మా పాపకి సెరిబ్రల్ పాల్సీ, ఇప్పుడు పదకొండేళ్లు. మా అమ్మ కూడా మీ అత్తగారి మాటే అన్నాది, మేం విని ఆగిపోయాం. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఆటిజం అందులో లేనేలేదు. 2016 చట్టంలో 21 చేశారు, ఆటిజానికీ చోటొచ్చింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. దగ్గర్లోని బడా, ప్రత్యేక పాఠశాలా అన్నది మన ఇష్టం. పరీక్షల్లో ఎక్కువ టైము, రాసిపెట్టే మనిషి, రెండో భాష మూడో భాష మినహాయింపు ఉన్నాయి. నిరామయ ఇన్సూరెన్సు ఏడాదికి లక్ష దాకా, థెరపీ ఖర్చుకీ వర్తిస్తుంది. పెన్షన్ 2024 నుంచి నెలకి 6,000. వీటికి ఆ కాయితమే తాళంచెవి.

బొబ్బిలి మాస్టారు:
అమ్మా, నేను ముప్ఫై ఒక్క ఏళ్లు పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. తొందరపడకు. స్కూలువాళ్లు సర్టిఫికెట్ ఎందుకు అడుగుతున్నారో ముందు ఆలోచించు. బాబుకి ఏదో చేసిపెడదామని కాదు. అది ఫైల్లో ఉంటే రేపు వాడికి చదువు రాకపోయినా, వాడు కిందపడి దెబ్బ తగిలించుకున్నా, "వాడి సంగతి ముందే తెలుసు" అనడానికి పనికొస్తుంది. ఇంకో ఆరు నెలలకి "ఇతనికి వేరే బడులున్నాయి కదమ్మా" అంటారు. బస్సు బోర్డులు చదివే గుంటణ్ణి ఒక శాతంలోకి ఎందుకు దించుతావు? పదేళ్లు రానీ, అప్పుడు చూద్దువు.

రాజాం రోడ్డు:
కంగారు పడకండి అక్కా. మా ఆడపడుచు కొడుకు ఐదేళ్ల దాకా నోరు విప్పలేదు, ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు.

నాగావళి గట్టు:
రాజాం రోడ్డు గారూ, మీరు మంచి మనసుతోనే అన్నారు. కానీ మాట ఆలస్యంగా రావడం, ఆటిజం ఒకటి కాదు. ఈ మాట విని ఆగిపోయిన తల్లుల్ని నేను రోజూ చూస్తున్నాను. శ్రీకాకుళం జిల్లాలో భవిత కేంద్రంలో ప్రత్యేక పిల్లలకి పాఠాలు చెప్తాను.

అమ్మా, ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. స్కూల్లో ఉంచుకోవడానికి సర్టిఫికెట్ షరతు కాదు. 2016 చట్టం సెక్షన్ 16 ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ వైకల్యం ఉన్న పిల్లల పట్ల వివక్ష చూపకూడదు, కావాల్సిన వెసులుబాట్లు చెయ్యాలి. అక్కడ శాతం మాట లేదు. 40 శాతం అవసరమయ్యేది సెక్షన్ 31 లోని ఉచిత విద్యకి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా పిల్లాణ్ణి బడి నుంచి తీసెయ్యడానికి వీల్లేదు. కాబట్టి "వేరే స్కూలు చూసుకోండి" అన్న మాటకి మీరు భయపడక్కర్లేదు.

ఇంకొకటి. బెల్లు కొట్టే ముందు బాబుకి తెలుస్తుందా? మా దగ్గర ఒక పాపకి ఇలాగే ఉండేది. గంట బొమ్మ గీసిన అట్టముక్క ఒకటి చేశాం. ఆయా గంట దగ్గరికి వెళ్లే ముందు ఆ అట్ట పాప బల్ల మీద పెట్టి వెళ్లేది. పాప చెవులు మూసుకునేది, అంతవరకే. లేచి పారిపోవడం మానేసింది. దీనికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు, ఒక్క మనిషి ఒప్పుకుంటే చాలు.

బొబ్బిలి మాస్టారు:
చూశారా? ఆవిడే చెప్తున్నారు, అక్కర్లేదని.

నాగావళి గట్టు:
మాస్టారూ, బడిలో ఉంచుకోవడానికి అక్కర్లేదన్నాను. తీసుకోవద్దని అనలేదు.

పలాస పాసింజర్:
"పదేళ్లు రానీ" అన్న మాట వినే మేం మూడేళ్లు పోగొట్టుకున్నాం మాస్టారూ. పాపకి కాళ్లు బిగిసిపోయి మడమ నేలకి ఆనడం మానేసింది. ఐదేళ్లకి తీసుకెళ్లాల్సింది, ఎనిమిదేళ్లకి తీసుకెళ్లాం. పిల్లని చూసిన డాక్టరమ్మ "ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇంట్లోనే ఉన్నాం. పరువు కాపాడుకుంటా ఇంట్లోనే ఉన్నాం.

బొబ్బిలి మాస్టారు:
బాధ అర్థమైంది బావు. కానీ మీరు పోగొట్టుకున్నది వైద్యం, కాయితం కాదు. థెరపీకి సదరం కావాలా? పిల్లల ఎదుగుదల లోపాలు చూసే జిల్లా సర్కారు కేంద్రం, ఆ డీఈఐసీలో అడుగుతారా?

నాగావళి గట్టు:
డీఈఐసీలో పరీక్షలకీ థెరపీకీ అడగరు, నిజమే. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలెవరినైనా తీసుకెళ్లవచ్చు.

బొబ్బిలి మాస్టారు:
మరి? ఆ మూడేళ్ల తప్పు సర్టిఫికెట్ లేకపోవడం వల్ల జరగలేదు. పెన్షన్ మాట మీరే ఎత్తారు కాబట్టి చెప్తున్నాను, మా వీధిలో 6,000 అయ్యాక పిల్లల్ని శిబిరాల చుట్టూ తిప్పినవాళ్లున్నారు. పిల్లాడి లోపం ఇంటికి ఆదాయమైతే, వాడు బాగుపడాలని ఎవరు కోరుకుంటారు?

పలాస పాసింజర్:
మాస్టారూ, ఈ మాటకి నాకు చాలా కోపం వచ్చింది. రెండుసార్లు రాసి చెరిపేశాను.

ఆ 6,000 ఎటు పోతుందో చెప్తాను వినండి. వారానికి రెండుసార్లు తెల్లారకుండా పలాస పాసింజరు ఎక్కుతాం. నేనో మా ఆవిడో, ఎవరో ఒకరు ఆ రోజు కూలి వదులుకోవాలి. మా ఆవిడ జీడిపప్పు బట్టీలో గింజలు ఒలుస్తాది, వెళ్లని రోజు డబ్బులు రావు. విశాఖలో దిగాక ఆటో. థెరపీ ఫీజు. పాప ఎదిగిన కొద్దీ కాళ్లకి కట్టే కాలిపర్లు చాలవు. మొదటి జత శిబిరంలో ఉచితంగా ఇచ్చారు, రెండో జత వచ్చేసరికి ఆలస్యమైంది. పాప పాత జతే వేసుకుని తిరిగింది, బెల్టు రాసుకుని పిక్క మీద తోలు లేచిపోయింది. అప్పుడు చేతి డబ్బులతో కొన్నాం. పాప బాగుపడకూడదని నేను కోరుకుంటానా? ఎవరో ఇద్దరు తప్పు చేశారని ప్రతి తల్లినీ తండ్రినీ ఆ గాటన కడతారా?

పొందూరు నేత:
మాస్టారు ఆ మాట అనకుండా ఉండాల్సింది.

గంటస్తంభం వీధి:
దయచేసి గొడవ పడకండి. నాకు పెన్షన్ గురించి ఆలోచన లేదు. బాబు ఆ స్కూల్లో ఉండాలి, అంతే.

పలాస పాసింజర్:
నేను అడిగేది ఒక్కటే. మాస్టారూ, మీరు ముప్ఫై ఒక్క ఏళ్లు చెప్పారు కదా. ఇలాంటి పిల్లాడు మీ క్లాసుకి వచ్చాడా? వస్తే ఏం చేశారు? సూటిగా చెప్పండి.

రాజాం రోడ్డు:
వదిలేయండి అన్నయ్యా, పెద్దాయన.

బొబ్బిలి మాస్టారు:
నిన్న సాయంత్రం నుంచి జవాబు రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తున్నాను.

వచ్చాడు. చాలా ఏళ్ల కిందట. ఏ బడో, ఏ ఊరో చెప్పను. ముందు చేర్చుకోమన్నాం. వాళ్లమ్మ చదువుకున్నది కాదు, కానీ కలెక్టరాఫీసులో సోమవారం సోమవారం అర్జీ పెట్టి ఆర్డరు తెచ్చుకుంది. హెడ్‌మాస్టరు మీద మెమో పడింది. ఆయన ఆ కోపం నా మీద చూపించి పిల్లాణ్ణి నా క్లాసులో కూర్చోబెట్టాడు. యాభై నాలుగు మంది ఉన్నారు. నేను ఆ పిల్లాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. పలకరించలేదు కూడా. ఏడాదంతా. వెనక కిటికీ పక్కన కూర్చునేవాడు. పేరు పిలిస్తే పలకడు, నేనే హాజరు వేసుకుని తర్వాతి పేరుకి వెళ్లిపోయేవాణ్ణి. వాళ్లమ్మ సాయంత్రం గేటు దగ్గర నన్ను చూసి దండం పెట్టేది. "మా వాడు బళ్లో కూర్చుంటున్నాడు మాస్టారూ" అని ఆవిడకి సంతోషం.

గొడవ పెట్టుకుని గెలిచిన తల్లి, పిల్లాణ్ణి మళ్లీ ఆ టీచరు చేతికే ఇచ్చి ఇంటికెళ్లాలి. ఆ ఆరు గంటలు కాయితం చూసుకోదు. నా భయం సర్టిఫికెట్ గురించి కాదు, దీని గురించి. ముందే ఈ మాట చెప్పాల్సింది, చెప్పలేక ఫైలు, శాతం అంటూ వచ్చాను. పెన్షన్ గురించి అన్న మాట తప్పు. క్షమించండి.

పలాస పాసింజర్:
మీరు చెప్పినందుకు దండం మాస్టారూ. ఆ తల్లి దండం పెట్టేదన్న మాట దగ్గర ఆగిపోయాను, ముందుకి చదవలేకపోయాను.

కానీ నా మాట మారదు. ఆవిడ అర్జీ పెట్టకపోతే ఆ పిల్లాడు ఆ కిటికీ పక్కన కూడా ఉండేవాడు కాదు. తప్పు ఆర్డరుది కాదు కదా. టీచరు మనసు నొచ్చుకుంటుందని తల్లి నోరు కట్టేసుకోవాలా? మేం ఎంతమందిని బతిమాలాలి? బతిమాలితే ఈ ఏడాది టీచరు మంచిదైతే సరే. వచ్చే ఏడాది టీచరు మారితే మళ్లీ మొదట్నుంచీ బతిమాలాలా?

బొబ్బిలి మాస్టారు:
నోరు కట్టుకోమనడం లేదు. నోరు ముందు ఎవరి దగ్గర విప్పాలి అన్నదే నా మాట.

సిరిమాను సంబరం:
రెండు రోజులుగా చదువుతున్నాను. అత్తగారు "వెనక ఆడపిల్ల ఉంది" అన్నారు కదా. ఆ ఆడపిల్లని నేను.

మా అన్నయ్యకి బుద్ధి ఎదుగుదల తక్కువ. ఇప్పుడు ముప్ఫై రెండేళ్లు. నా పెళ్లి కోసమే మా వాళ్లు ఏ కాయితమూ తీసుకోలేదు. పెళ్లిచూపుల రోజు అన్నయ్యని మేనత్తగారింటికి పంపేశారు. దాచారు కాబట్టే పెళ్లికి పది రోజుల ముందు ఇంకెవరో చెప్పినప్పుడు గొడవైంది. మా ఆయన మంచివారు, "ముందే చెప్పి ఉంటే బాగుండేది" అని ఊరుకున్నారు. నాన్న పోయాక అన్నయ్య బాధ్యత నాది. చట్టం ప్రకారం సంరక్షకురాలిగా ఉండాలంటే కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టాలన్నారు, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద. అందులో మొదటి కాయితం సర్టిఫికెట్టే. ముప్ఫై రెండేళ్ల మనిషిని శిబిరానికి తీసుకెళ్లాను. చుట్టూ చిన్నపిల్లలు, తల్లులు. అన్నయ్య నా చున్నీ కొస చేతికి చుట్టుకుని మూడు గంటలు వదల్లేదు. డాక్టరు "ఇతని చిన్నప్పటి రిపోర్టులేమైనా ఉన్నాయా?" అని అడిగారు. ఒక్కటీ లేదు.

అక్కా, మీ పాప కోసం ఆగకండి. పెద్దయ్యాక ఈ పని తన మీదే పడుతుంది.

పొందూరు నేత:
చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి తల్లీ.

గంటస్తంభం వీధి:
ఇది మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనలేదు, లేచి వంటింట్లోకి వెళ్లారు. కాసేపయ్యాక వచ్చి "ఆ చున్నీ పిల్ల ఏ ఊరు?" అని అడిగారు. మా ఆయన ఫోన్లో రిపోర్టులన్నీ ఒకచోట పెడుతున్నారు. స్లాట్ పెట్టిస్తున్నాం.

మాస్టారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. కోపం లేదు నాకు. మీరు ఆ బల్ల అవతల ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. సోమవారం క్లాస్ టీచర్ని కలుస్తాను. హెడ్‌మేడంని కాదు. ముందు ఏ మాట మాట్లాడాలి?

నాగావళి గట్టు:
మాస్టారు చెప్పేలోగా ఒక మాట. చిన్నపిల్లలకి చాలాసార్లు గడువున్న సర్టిఫికెట్టే ఇస్తారు, తేదీ చూసుకోండి. శిబిరం రోజున చాలాసేపు కూర్చోవాల్సి వస్తుంది. ఆధార్, పాత రిపోర్టులతో పాటు బాబుకి ఇష్టమైన తినుబండారం, చెవులకి పెట్టుకునేవి ఏవైనా తీసుకెళ్లండి.

బొబ్బిలి మాస్టారు:
బడి విడిచాక వెళ్లమ్మా, పొద్దున్న వెళ్లకు. పొద్దున్న మాకు ఎవరి మాటా తలకెక్కదు. వాడికి ఏం రాదో మొదట చెప్పకు. బస్సుల మీద పేర్లు చదువుతాడని చెప్పు. మర్నాడు ఆవిడ బోర్డు మీద "సాలూరు", "పార్వతీపురం" అని రాసి వాడిచేత ఒక్కసారి చదివించిందనుకో, మిగతా నలభై మంది వాడి వైపు తిరుగుతారు. వాడు ఆవిడ విద్యార్థి అవుతాడు. నాకు ఆ పిల్లాడికి ఏం వచ్చో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తర్వాత గంట బొమ్మ అట్ట నువ్వే చేసి పట్టుకెళ్లి ఇవ్వు, ఆవిణ్ణి చెయ్యమనకు. చట్టం మాట ఆ రోజు ఎత్తకు.

పలాస పాసింజర్:
అన్నీ బాగున్నాయి మాస్టారూ, ఆఖరి మాట తప్ప. తల్లీ, సెక్షన్ 16 కాయితం జెరాక్సు తీయించి సంచిలో పెట్టుకుని వెళ్లు.

బొబ్బిలి మాస్టారు:
సంచిలో ఉండనీ. బల్ల మీద పెట్టకు.

పలాస పాసింజర్:
ఆవిడ మళ్లీ "వేరే స్కూలు" అంటే పెట్టు.