ఇది కనంగా కాదు, ఆకుసంపెంగేనా?

హైదరాబాదులో మా మేడ మీద కుండీలో నాలుగేళ్లుగా పెరుగుతున్న మొక్కను గుర్తించడానికి తెలిసినవారి సాయం కోరుతున్నాను. నర్సరీవారు దీన్ని కనంగా అని చెప్పి ఇచ్చారు. కానీ కనంగా చెట్టుగా ఎదిగి, సన్నగా పొడుగ్గా వేలాడే రేకలతో పూస్తుంది. మా మొక్క మాత్రం తీగలా సాగుతూ, కొక్కెంలా వంగిన పూకాడలతో పక్క కొమ్మలను పట్టుకుంటోంది. గత వర్షాకాలంలో పూసిన రెండు పూలకూ మందమైన ఆరు రేకలున్నాయి. ఆకుపచ్చగా ఉన్నప్పుడు వాసన తెలియలేదు గానీ, పసుపు రంగుకు తిరిగాక మాగిన పండు పరిమళం ఇల్లంతా నిండింది. మా అమ్మమ్మ చీరల మడతల్లో దాచే ఆకుసంపెంగ వాసన సరిగ్గా ఇదే. రెండూ సీతాఫలం కుటుంబంలోనివే కనుక పొరపాటు జరిగి ఉండవచ్చు. ఇది మనోరంజితం అని కూడా పిలిచే ఆకుసంపెంగేనని నిర్ధారించగలరా? ఎండ 40 డిగ్రీలు దాటితే ఆకుల అంచులు మాడుతున్నాయి. బోరునీటిలోని ఉప్పే కారణమా? పూత పెరగడానికి కొమ్మలు ఎప్పుడు కత్తిరించాలో, నేలలో నాటడం మేలో కాదో దయచేసి తెలియజేయండి.