కొత్త ఫైల్‌లోకి తెచ్చిన షీట్ ఇంకా పాత ఫైల్ ధరలనే చూపిస్తోంది

నమస్కారం. విశాఖపట్నం చేపల రేవులో మరపడవల డీజిల్, ఐసు ఖర్చుల లెక్కలు నేను ఎక్సెల్‌లో రాస్తుంటాను. జూన్ 14తో వేట నిషేధం ముగిసేలోపు కొత్త ఫైల్ సిద్ధం కావాలి.

పాత ఫైల్‌లోని ‘పడవలు’ షీట్‌ను ‘మూవ్ ఆర్ కాపీ’తో కొత్త ఫైల్‌లోకి తెచ్చాను. ‘ధరలు’ షీట్‌లోని బి2 గడిని చూడవలసిన ఫార్ములా, అదే పేరుతో కొత్త ఫైల్‌లోనూ షీట్ ఉన్నప్పటికీ, చదరపు బ్రాకెట్లలో పాత ఫైల్ పేరు చేర్చుకుని అక్కడి ధరనే తీసుకుంటోంది. గడిలో ఏ హెచ్చరికా లేకుండా తప్పు మొత్తం రావడమే నా ఆందోళన. ఖర్చులు పోగా మిగిలినదాంట్లోనే కళాసీల (పడవపై పనిచేసేవారి) వాటా లెక్కగడతారు కాబట్టి ఆ తేడా నేరుగా వారి చేతికందే డబ్బులో పడుతుంది.

‘ఎడిట్ లింక్స్’లో ‘చేంజ్ సోర్స్’ నొక్కి కొత్త ఫైల్‌నే ఎంచుకుంటే గడుల్లోని ఫార్ములాలు సరిపోయాయి. అయినా ఫైల్ తెరిచినప్పుడల్లా బయటి లింకులున్నాయన్న సందేశం వస్తూనే ఉంది. నేమ్ మేనేజర్‌లో గడులకు పెట్టిన పేర్లలోనో, గడిలో ఏం నింపవచ్చో నిర్ణయించే డేటా వాలిడేషన్ జాబితాల్లోనో పాత లింకు మిగిలిందని అనుమానిస్తున్నాను. అటువంటివన్నీ ఒకేచోట వెతికే మార్గం ఉందా? రెండు షీట్లనూ కలిపి ఎంచుకుని ఒకేసారి కాపీ చేస్తే ఈ చిక్కు రాదని తెలుసు గాని, కొత్త ధరలు ఇప్పటికే నింపి ఉన్నందున అది కుదరడం లేదు. అనుభవమున్నవారు దయచేసి వివరించగలరు.