అప్‌డేట్: టైప్-1 షుగర్‌తో పెళ్లిరోజు ఉపవాసం

టైప్-1 షుగర్ ఉన్న మా చెల్లి పెళ్లికి ఉపవాసం ఎలా అని అడిగాను కదా, ముహూర్తం సవ్యంగా గడిచింది. డాక్టరుగారు గట్టిగా చెప్పింది: తిండి తగ్గినా బేసల్ ఇన్సులిన్ (రోజంతా నెమ్మదిగా పనిచేసేది) మానకూడదు, మానితే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు వచ్చే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరుగుతాయి. పంతులుగారు పాలు, పళ్లకు ఒప్పుకున్నారు.

షుగర్ 70 లోపు పడితే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష. ఆ పొడి తోడుపెళ్లికూతురు చేతిలోనే ఉండాలి, విడిది గదిలో కాదు.

ముందుగా తట్టనిది వంకీ. అది చేతికి అంటించిన షుగర్ సెన్సర్‌ను నొక్కితే షుగర్ లేనిపోని తగ్గుదల చూపిస్తుంది. అందుకే వంకీ రెండో చేతికి పెట్టండి, అనుమానమొస్తే వేలి నుంచి రక్తపుచుక్క తీసి సరిచూడండి. ఆ పరీక్ష కోసం గోరింటాకు పెట్టేటప్పుడు రెండు వేలికొసలు వదిలేయండి. ఇన్సులిన్ పెన్ను హోమం సెగకు దూరంగా చల్లటి సంచిలో, ఐసుకు నేరుగా తగలకుండా ఉంచాలి.